ఇద్దరూ పిల్‌బరోలే

మా ఇంటిపేరు పిల్‌బరో. నవ్వకండి. మద్రాసు తొండియార్‌పేటలో పుట్టి పెరిగిన తెలుగోళ్ళకు ఈ దొరల పేరేందని అడిగే ప్రతివోడికీ జవాబు చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. మా అన్న కూతురు జీవిత ఫోనులో వెదికింది. ఇంగ్లండులోనే సముద్రం పక్కన ఒక్క జిల్లాలో పిడికెడు మంది ఉండారంట. ఆడ తప్పితే ఈడ తొండియార్‌పేటలో మేము, కోడంబాక్కంలో ఇంకో ఇల్లు. అంతే.

తల్లీతండ్రీ లేని జీవితను నేనే పెంచినాను. అది పోయి పోయి ఆ కోడంబాక్కం పిల్లోణ్ణే ప్రేమించింది. ఆంటో పిల్‌బరో! సినిమా స్టూడియోలో లైట్ల పని. మంచోడే, కాదనలే. అయితే ఇంటిపేరు ఒకటే కదా, అన్నాచెల్లెళ్ళ వరస. "చర్చికి పోతే మాత్రం వావి వరసలు మర్చిపోతామా? నేను చచ్చినా ఒప్పుకోను" అని ఎగిరిపడినాను. జీవిత ఎదురు చెప్పలే. "నువ్వు వద్దంటే చేసుకోనులే అత్తా" అనింది. ఆ పొద్దు నుంచి సరిగ్గా తినడం మానేసింది.

ఆదివారం ఆంటో వాళ్ళవ్వ రాసాత్తిని వెంటబెట్టుకుని వచ్చినాడు. నా అభ్యంతరం విని ముసిల్ది పగలబడి నవ్వింది.

"అది రక్తంతో వచ్చిన పేరా ఏమ్మే కోకిలా? హార్బరులో పిల్‌బరో అని ఒక దొర ఉండె. ఆయన కింద మూటలు మోసిన ముఠా అంతా పిల్‌బరో ఆళ్ళే. తలా ఒక ఊరు, తలా ఒక ఇల్లు. బాప్తిస్మమప్పుడు పాదిరి అందరికీ అదే పేరు పెట్టేసినాడు."

"నువ్వు చెప్తే నమ్మేయాల్నా?"

"సరి, మీ నాయనమ్మ ఎవురనుకున్నావ్? మా మామకు, అంటే నా మొగుడి నాయనకు, సొంత చెల్లెలు. పెళ్ళికి ముందూ పిల్‌బరోనే, తర్వాతా పిల్‌బరోనే."

మా నాయన చంటిబిడ్డగా ఉన్నప్పుడే ఆమె పోయింది. పేరు మారలే కాబట్టి పుట్టిల్లు ఏదని మా ఇంట్లో ఎవురూ అడగనే లేదు. ఒకే పేరోళ్ళు చేసుకోకూడదంటే మా నాయనా లేడు, నేనూ లేను, ఇంత గోల చేసిన ఈ నోరూ లేదు!

వేళ్ళు మడిచి వరస కట్టి చూసినాను. ఆంటో అన్న వైపోడు, జీవిత చెల్లెలి వైపుది. ఆంటో దానికి అన్న కాదు.

లోపల గోడకానుకుని ఏడుస్తా ఉండింది నా బిడ్డ.

"ఏమే జీవితా, కళ్ళు తుడుచుకో" అని కేకేసినాను. "మీ బావ వచ్చి ఎంతసేపయింది, కాఫీ ఇవ్వొద్దా?"