ఆరో నంబరు జెర్సీ మీది మట్టి

అమ్మ జెర్సీలను ఎప్పుడూ అంచు పట్టుకుని తలకిందులుగానే ఆరేస్తుంది. మెడ దగ్గర క్లిప్పు పెడితే భుజాలు సాగుతాయంటుంది. ఆ సోమవారం కూడా పెరట్లో గిర్రున తిరిగే దండేనికి ఒక పక్క అమ్మ, ఇంకో పక్క నేను ఆరేస్తున్నాం. గోధుమ గిడ్డంగుల వైపు నుంచి వీచే గాలికి జెర్సీల ముదురు ఎరుపు చేతులు మా ముఖాలకు తడితడిగా తగులుతున్నాయి. మా ఊరి రగ్బీ జట్టు ముల్లెంగర్రా బ్రోల్గాస్ ఆదివారం గెలిచినా ఓడినా సోమవారం జెర్సీలు మా పెరట్లోనే ఆరాలి. నేను పుట్టక ముందు నుంచీ అంతే.

"పెంగెల్లి కారు మళ్లీ మీ పిన్ని వాకిట్లోనే ఉందా?" అని అడిగింది అమ్మ.

ఉందన్నాను. అమ్మ నోట్లో ఉన్న క్లిప్పు తీసి తర్వాతి జెర్సీ అంచుకు పెట్టింది.

రిటైరైన బడిపంతులు పెంగెల్లి మా రగ్బీ లీగ్ క్లబ్బు చరిత్ర రాస్తున్నాడు. క్లబ్బు పుట్టి డెబ్బై ఐదేళ్లయిందని శనివారం రాత్రి విందు. గొర్రెల ఉన్ని కత్తిరించేవాళ్లూ రైలు కూలీలూ సారాకొట్టు వసారాలో కూర్చుని జట్టు కట్టడం, యుద్ధంలో కుర్రాళ్లు లేక రెండేళ్లు ఆట ఆగిపోవడం, మైదానంలో గడ్డి మొలవక గొర్రెల సంతలో ఆడడం, అన్నీ రాశాడట. కానీ ఎవరు ఎక్కడ మొదలుపెట్టినా మా ఊళ్లో కథ 1971 ఫైనల్ దగ్గరికే వచ్చి ఆగుతుంది. మేం కప్పు గెలిచింది ఆ ఒక్కసారే. అంతవరకూ కరువు, ఆ మధ్యాహ్నమే వాన. ఆఖరి నిమిషంలో నల్లరేగడి బురదలో జారుతూ వెళ్లి, గీత దాటి బంతిని నేలకు ఆనించింది ఆరో నంబరు నెవ్ బాబాయి. ఆయనకు దారి ఇవ్వడానికి బంతిని ఆయన చేతికి వదిలేసి ఇద్దరి కింద పడి నలిగింది పదకొండో నంబరు మా నాన్న.

నాన్ననడిగితే తనకేమీ గుర్తులేదంటాడు. ముఖం బురదలో ఉన్నవాడికి ఏం కనిపిస్తుందని నవ్వుతాడు. ఆ నవ్వు అమ్మకు నచ్చదు.

జెర్సీలు ఆటగాళ్లవి కావు, క్లబ్బువి. ఆట అయ్యాక విప్పి గోనెసంచిలో పడేయాలి. ఆ రోజు అందరూ పడేశారు, బాబాయి తప్ప. చొక్కా లోపల దాచుకుని ఇంటికి పట్టుకుపోయాడు. మర్నాడు ఉతకబోతే ఒకటి తక్కువ. అమ్మ వెళ్లి కార్యదర్శికి చెబితే, "కప్పు తెచ్చినవాడికి నిక్కరు కూడా ఇచ్చేయవమ్మా నోరీన్" అని ఆయన నవ్వాడట. నాన్న జెర్సీని అమ్మ బార్ సబ్బు పెట్టి రుద్ది, ఛాతీ మీది తెల్లని గీత మళ్లీ తెల్లబడేదాకా ఉతికి తిరిగి ఇచ్చింది. తర్వాత అది చిన్నపిల్లల జట్టుకు పోయింది. ఆ తర్వాత బూట్లు తుడిచే గుడ్డయింది.

బాబాయి జెర్సీ మాత్రం ఆ మట్టితోనే ఆయన భార్య వెల్మా పిన్ని బీరువాలో దిండు గలీబులో ఉంది. ఆయన పోయి నాలుగేళ్లు. ఒకసారి గుడ్లు ఇవ్వడానికి వెళ్లినప్పుడు, పిన్ని మంచం అంచున కూర్చుని ఆ జెర్సీ మెడను ముక్కుకు ఆనించుకుని ఉండడం చూశాను. నన్ను చూడలేదు. గుడ్లు గట్టు మీద పెట్టి వచ్చేశాను. ఈ సంగతి అమ్మకు తెలియదు.

గురువారం పిన్ని ఆ గలీబు తీసుకుని మా ఇంటికి వచ్చింది. విందులో జెర్సీని అద్దాల పెట్టెలో పెట్టి పైన దీపం వెలిగిస్తారట. వీపు మీద ఆరు అంకె కుట్లు ఊడుతున్నాయి. అమ్మది చిన్నప్పటి నుంచీ మంచి కుట్టు చెయ్యి.

"నీళ్లు మాత్రం తగలనీయకు నోర్. నీ ఇంట్లో సబ్బు వాసనకే మట్టి భయపడి పారిపోతుందేమో," అంది పిన్ని.

అమ్మ కూడా నవ్వింది. పెంగెల్లి పుస్తకంలో ఆ ఫైనల్‌కే ఒక అధ్యాయమంతా ఇచ్చాడని పిన్ని చెప్పింది. అందులో మా నాన్న క్లారీ పేరు కూడా ఉందంది.

"కూడానా?" అంది అమ్మ, పిన్ని కప్పులో టీ పోస్తూ.

మర్నాడు నేను పని నుంచి వచ్చేసరికి నాన్న పెరట్లో నిలబడి ఉన్నాడు. దండెం మీద జెర్సీ ఒక్కటే, తలకిందులుగా, తెల్లని గీత మెరుస్తూ ఊగుతోంది. ఆరు అంకె గట్టిగా, చక్కగా కుట్టి ఉంది. అమ్మ కింద తొట్టి కడుగుతోంది. నీళ్లు నల్లగా కాలవలోకి పోతున్నాయి.

"దాన్లో నెవ్ చెమట ఉంది నోరీన్," అన్నాడు నాన్న మెల్లగా.

"నీదాన్లో నీ చెమట లేదా? నేనే ఉతికేశాను." అమ్మ తొట్టి బోర్లించింది. "అప్పుడు ఉతకమన్నారని ఉతికాను. దొంగిలించినదానికి అద్దాల పెట్టె, దీపం. చెప్పినట్టు విన్నదానికి ఏం మిగిలింది? బూట్ల గుడ్డ."

ఆ ఆట మాట వస్తే నాన్న నవ్వకపోవడం అదే మొదటిసారి. మోకాలు పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. ఇన్నేళ్లూ తనకేమీ గుర్తులేదన్న మనిషి, "బంతి వదిలినప్పుడు వాడి పేరు పెట్టి అరిచాను. వాడికి వినబడింది," అన్నాడు నేల చూస్తూ.

శనివారం పొద్దున అమ్మ జెర్సీని ఇస్త్రీ చేయలేదు, మడవలేదు. దండెం మీదే ఉంచింది. పిన్ని వస్తే ఏమనాలో ముందే అనుకుని పెట్టుకుందని పెదవుల కదలికను బట్టి నాకు తెలుస్తూనే ఉంది. టీ కాచింది. మంచి కప్పులు తీసింది.

పిన్ని జుట్టు అప్పుడే దిద్దించుకుని వచ్చింది. వంటింట్లోకి వస్తూనే కిటికీలోంచి చూసింది. నడక ఆపకుండా పెరట్లోకి వెళ్లింది. అమ్మ గుమ్మం దాకా వెళ్లి ఆగింది. నేను కప్పుల దగ్గరే నిలబడ్డాను.

పిన్ని వీపు మీది అంకెను చూడలేదు. మట్టి ఎక్కడ పోయిందో వెతకలేదు. కింద వేలాడుతున్న జెర్సీ మెడను రెండు చేతులతో పట్టుకుని, వంగి, ముఖానికి ఆనించుకుంది. గట్టిగా ఊపిరి పీల్చింది. మళ్లీ ఇంకోసారి ఊపిరి పీల్చింది, ఆయన వాసన ఎక్కడో ఒక మూల మిగిలి ఉంటుందేమోనన్నట్టు.

"వెల్మా," అంది అమ్మ. "వెల్మా, నేను ఉత్త మట్టే అనుకుని..."

పిన్ని మెడను వదిలేసింది. జెర్సీ ఊగి నిలిచింది. ఆమె అమ్మ పక్క నుంచే లోపలికి వచ్చి, బల్ల మీది ఖాళీ దిండు గలీబు తీసుకుని నాలుగు మడతలు పెట్టి, సంచిలో పెట్టుకుంది. నా వైపు ఒకసారి చూసింది. పోసిన టీ ముట్టుకోకుండా వీధి తలుపు తీసుకుని వెళ్లిపోయింది.