అరగదీయకుండానే అమరిన క్యాప్

మా అక్క మొగుడు, అందరూ కొలతల బావ అని పిలిచే ఆ పెద్దమనిషి, నా నోట్లో చేసిన పనిని చచ్చేదాకా క్షమించను.

కింది దవడలో కుడివైపు పన్ను సగం విరిగింది. పళ్ల డాక్టరమ్మ అద్దం పట్టి చూపించింది. "సిమెంటు నింపితే నిలవదు, గోడ పలచబడింది. సగం క్యాప్ వేస్తే మిగిలింది బతుకుతుంది. ఫుల్ క్యాప్ అయితే చుట్టూ అరగదీయాలి."

నేను వడ్రంగిని. ద్వారబంధం అడుగున చెద పడితే ఆ మేరకే కోసి అతుకుతాం గాని, బంధం మొత్తం పీకం. సగమే చాలన్నాను.

ఆవిడకు క్యాపులు తయారు చేసి ఇచ్చేది బావే. "అతుకులబొంత నీకెందుకురా బామ్మర్దీ? ఫుల్లుగా వేయించుకో, పదేళ్లు తిరిగి చూడక్కర్లేదు" అని వెంటపడ్డాడు. అక్క మొహం చూసి సరేనన్నాను. పన్ను అరగదీసి, అచ్చు తీసి బావకు పంపారు. మర్నాడే క్యాప్ వచ్చింది.

"క్యాప్‌ని కాస్తయినా అరగదీయక్కర్లేకుండా కూర్చుంది. ఇలా ఎప్పుడూ చూడలేదు" అంది డాక్టరమ్మ.

పెట్టించుకున్న మర్నాడు మధ్యాహ్నం అన్నం దగ్గర మా ఆవిడ నన్నే చూస్తోంది. "ఎన్నడూ లేంది ఎడమపక్క నములుతున్నారేంటి? పొద్దున్న ఆ ఈలేంటి?"

నాకు పుట్టి బుద్ధెరిగి ఈల వేయడం రాదు.

వారం తర్వాత ఒక ముసలావిడ ఇంట్లో కిటికీ రెక్క చిత్రిక పడుతున్నాను. నోరు దానంతటదే ఈల అందుకుంది. ఆవిడ తడిచేతులతో వంటింట్లోంచి పరుగున వచ్చి, నన్ను చూసి ఆగిపోయింది.

"పోయిన మా అబ్బాయి ఇలాగే..."

"మోకాళ్ల మందు వేసుకున్నావా అమ్మా?" అంది నా నోరు. గొంతు నాదే.

నేరుగా పోయి, ఈ క్యాప్ ఎవరిదని బావ కాలరు పట్టుకున్నాను.

"కోప్పడకురా. ఒకతని కోసం చేశాను. పెట్టించుకునేలోపే లారీ కింద పడ్డాడు. పారేయడమెందుకని నీ అచ్చు మీద పెట్టి చూస్తే అతికినట్టు సరిపోయింది. సరిపోయాక ఇంకేం రోగం నీకు?"

డాక్టరమ్మ దగ్గర కూర్చుని 'పీకేయండి' అనబోయాను. "బాగుందండి, ఉండనివ్వండి" అంది నోరు. చెవి మీద పెన్సిలు తీసి, తీసెయ్యండి అని చీటీ రాసిచ్చాను. ఆవిడ చదివి నా మొహంలోకి చూసింది.

"సరదాకి లెండి" అని నోరు నవ్వింది.

ఆవిడా నవ్వేసింది. "ఇప్పుడు తీసినా, సగం క్యాప్ నిలవడానికి కింద పన్నేదీ?"

చెయ్యి ఇంకా నాదే గనక ఇది రాస్తున్నాను. విరగ్గా మిగిలిన, ఏ జబ్బూ లేని నా సొంత పన్ను, పైన రెండు మిల్లీమీటర్లు, చుట్టూ ఒకటిన్నర పోయింది.