తేరిన నీళ్లు

పెద్ద వరద మిల్లు గోడ మీద నడుమెత్తున బురద గీత మిగిల్చి వెళ్లిన మూడో ఏడు. ఆ వరదలోనే రంగు నీళ్లు కిందివీధి బావుల్లో కలిశాయి. తనిఖీలు మొదలయ్యాయి. రంగులద్దే మిల్లుకు కరెంటు తొట్టి వచ్చింది. తొట్టి నడపడానికి సున్నపాయన బావమరిది వచ్చాడు, వచ్చి అక్క ఇంట్లోనే దిగాడు.

ఆ ఉదయం సున్నపాయన ఎప్పటిలాగే సున్నం జల్లిస్తున్నాడు. ఇరవై రెండేళ్లుగా మిల్లు వదిలిన నీళ్లలో సున్నం, పటిక కలిపి రంగు విరిచింది ఆయనే. కనుబొమల మీద సున్నం, గోళ్ల కింద నీలం. అరచేతుల్లో పగుళ్లు మానేలోపే మళ్లీ పగిలేవి. పొద్దున కలిపితే సాయంత్రానికి నీళ్లు తేరేవి. "సున్నపాయన చూశాడా?" అని అడిగాకే తూము ఎత్తేవారు.

ఇప్పుడు ఆ మాట ఎవరూ అడగడం లేదు.

పక్క తొట్టిలో బావమరిది ఇనప రేకులు దించి, ఉప్పు చల్లి, మీట నొక్కాడు. రేకుల మధ్య బుడగలు లేచాయి. ఊదారంగంతా నురగై పైకి తేలింది. గంట తిరక్కముందే నురగ కింద నీళ్లు కన్నీళ్లంత తేటగా ఉన్నాయి.

"బావా, నీ సున్నం ఇంకా నిద్రే లేవలేదు. నా రేకులు అప్పుడే స్నానం చేసి కూర్చున్నాయి!"

రంగు పనివాళ్లు పగలబడి నవ్వారు. సున్నపాయన జల్లెడ ఆపలేదు.

బావమరిది నురగ పక్కకు తోసి గాజు గ్లాసు నింపాడు. ఆ గ్లాసు చూస్తేనే సున్నపాయనకు కడుపు మండేది. ఇంట్లో అంచు విరగని గ్లాసు అదొక్కటే. "తమ్ముడు పెద్దవాళ్లకు చూపించాలి కదా" అని భార్య తుడిచి మరీ ఇచ్చింది. ఇన్నేళ్లూ ఆయన చూపించింది సొట్టలు పడ్డ డబ్బాలో.

వారం కిందట ఆ గ్లాసు నీళ్లతో సహా షెడ్డు కిటికీలో ఉండిపోయింది. మర్నాడు ముందుగా వచ్చింది సున్నపాయనే. నీళ్లు టీ రంగుకు తిరిగి, అడుగున తుప్పు పేరుకుంది. ఆయనకు చూడగానే తెలిసింది. చిన్నప్పటి వాళ్లింటి బోరింగు నీళ్లూ అంతే. కొట్టినప్పుడు తేటగా ఉండేవి, కాసేపటికి ఎర్రబడేవి. నీళ్లలో కరిగిన ఇనుము గాలి తగిలితే బయటపడుతుంది. అమ్మ ఒక బిందెలోంచి ఇంకో బిందెలోకి ఎత్తునుంచి పోసి, నిలవనిచ్చి, పైనీళ్లు వంచుకునేది. ఇదంతా బావమరిదికి ఒక్క ముక్కలో చెప్పొచ్చు. సున్నపాయన గ్లాసు కడిగి, బోర్లించి, ఏమీ ఎరగనట్టు జల్లెడ అందుకున్నాడు.

ఈ రోజు మూడింటికి తనిఖీ ఆఫీసరు వస్తాడు.

"ఎలా ఉంది బావా? యజమాని బల్ల మీద పెట్టొస్తా. ఆయన గదికి తాళం వేసుకుని వెళ్తాడట. ఆఫీసరుతో కలిసే చూస్తాడట."

మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"నాకేం తెలుసు? మూడో తరగతి వాణ్ణి. కరెంటు చదువు నీది."

"తేటగా ఉందా లేదా చెప్పడానికి చదువెందుకు? నీ కన్ను చాలు."

"ఉంది."

మూడింటికి ఇద్దరికీ కబురొచ్చింది. బల్ల మీద గ్లాసు ఎర్రగా ఉంది. ఆఫీసరు దాన్ని ముట్టుకోలేదు.

"శుభ్రం చేసిన నీళ్లంటే ఇవా?"

బావమరిది మొహం పాలిపోయింది. "పొద్దున తేటగా ఉన్నాయండీ. మా బావ చూశాడు, అడగండి."

యజమాని తల తిప్పాడు. "చూశావా?"

సున్నపాయన తన గోళ్లకేసి చూసుకున్నాడు.

"సున్నం దగ్గరున్నానండీ."

"సరే. నువ్వింక రానక్కర్లేదు," అన్నాడు యజమాని బావమరిదితో. "రేపట్నుంచి పాత సున్నమే."

ఆ మాట కోసమే సున్నపాయన ఏడు నెలలుగా కాచుకున్నాడు. తీరా విన్నాక దాన్నేం చేసుకోవాలో తెలియలేదు.

ఆరింటి బస్సుకు బావమరిది పెట్టె సర్దుకున్నాడు. అక్క గుమ్మంలోనే ఆగిపోయి కళ్లొత్తుకుంది. సున్నపాయన పెట్టె మోస్తూ వెంట నడిచాడు.

"బావా, పొద్దున తేటగానే ఉంది కదా? నా కళ్లు చెడలేదు కదా?"

"తేటగానే ఉంది."

"అక్కడ భయపడ్డావులే. నీ పనీ పోతే అక్క ఏం తింటుంది?" బావమరిది నవ్వబోయాడు. "నేనైనా అలాగే అనేవాణ్ణి."

సున్నపాయన పెదవులు కదిలాయి. ఈలోగా బస్సు వచ్చింది, బావమరిదిని ఎక్కించుకుని కదిలింది.

మర్నాడు ఎవరూ రాకముందే ఆయన షెడ్డు తెరిచాడు. సున్నం బస్తా మూతి విప్పలేదు. రేకులు దించి, ఉప్పు చల్లి, మీట నొక్కాడు. నురగ తీసిన నీళ్లను ఒక పీపాలోంచి ఇంకో పీపాలోకి ఎత్తునుంచి పోశాడు, రెక్కలు పడిపోయేదాకా. తుప్పు అడుక్కి దిగేదాకా పక్కనే కూర్చున్నాడు. పైనీళ్లు ముంచి, నిన్న యజమాని గదిలోంచి తెచ్చుకున్న గ్లాసు నింపి, బావమరిది పెట్టే చోటే కిటికీలో పెట్టాడు. ఇసుకతో ఎంత తోమినా గ్లాసు అడుగున నిన్నటి తుప్పు గీత పోలేదు.