జడపిన్ను మీద నడిచిన బండి

ఆ కారు ముసలిదై ఆగిపోయిందని చెప్పకండి. దాన్ని ఆపింది మీరు. ఇరవై రెండేళ్ళు అందులో ఊరేగి, ఒక్కసారి కూడా మూత ఎత్తి లోపల ఏముందో చూడని మీరు. "మా ఇంట్లో వస్తువులు పాడవవండీ" అని నలుగురిలో మీసం దువ్వుకునే మీరు. పాడవని వస్తువు లోకంలో లేదు. పాడైన సంగతి మీ దాకా రాకుండా ఎవరో అడ్డం పడుకుని ఉంటారు. ఆ ఎవరో ఎవరని అడగని పాపం మీది. నాకు చుట్టూ తిప్పి చెప్పడం రాదు, జరిగింది జరిగినట్టు చెబుతాను.

శుక్రవారం సాయంత్రం ఆ ఇంటి కోడలు మామగారిని మోకాలి వ్యాయామాలకు తీసుకెళ్ళి తిరిగి వస్తోంది. నాలుగు రోడ్ల కూడలి మధ్యలో ఆమె కాలి కింద యాక్సిలరేటర్ చచ్చిపోయింది. తొక్కితే నేలకు అంటుకుంటోంది తప్ప బండి కదలదు. వెనక హారన్లు, వెనక సీట్లో మామగారు.

"నా చేతిలో ఉన్నన్నాళ్ళు ఒక్క రోజు ఆగలేదమ్మా ఇది. బండికైనా హస్తవాసి ఉండాలి" అన్నాడాయన.

ఆమె దిగి బండిని పక్కకు నెట్టింది. ఆయన దిగలేదు, మోకాలు కదా. ఆయన బరువుతో సహా నెట్టింది.

నిజానికి ఆ బండికి ఆమె చెయ్యి తప్ప మరో చెయ్యి పడదు. తలుపు కాస్త పైకెత్తి మూయాలి, గేరు కర్రను ఎడమకు ఒకసారి అదిమి అప్పుడు తాళం తిప్పాలి. భర్త కూర్చుంటే అది దగ్గి ఊరుకుంటుంది, అందుకని అతను తోలడమే మానేశాడు. అందరినీ అన్ని చోట్లకూ తిప్పే పని ఆమె మీద పడింది. తాళం తిప్పగానే బండి లోపల ఎక్కడో "ట్చ్" మని ఒక చప్పుడు వస్తుంది. ఆ తర్వాతే ఇంజను లేస్తుంది. అచ్చం అత్తగారి నాలుక చప్పుడు. పన్నెండేళ్ళ కిందట పోయిన ఆ మనిషి, బతికున్నన్నాళ్ళూ ఏ పనికి వంగబోయినా ముందు "ట్చ్" అనేది. అది తిట్టూ కాదు, విసుగూ కాదు. వంగబోయే ముందు నడుము చేయాల్సిన చప్పుడు నోరు చేసేది, అంతే. మొదట్లో బండిలోంచి ఆ చప్పుడు విన్నప్పుడల్లా ఆమె ఒళ్ళు జలదరించేది. తర్వాత అలవాటైపోయింది. ఏదైనా అలవాటవుతుంది ఆడదానికి, మన ఖర్మ అదే.

శనివారం మెకానిక్ మూత ఎత్తి, చాలాసేపు లోపలికి చూసి, ఆమెను పిలిచాడు.

"మేడం, ఇది మీ పనేనా?"

పెడల్ నుంచి వచ్చిన తీగ ఇంజనుకు తగులుకునే చోట, కొక్కెం జారకుండా గుచ్చాల్సిన పిన్ను లేదు. దాని బదులు ఒక జడపిన్ను ఉంది. పెద్దవాళ్ళు కొప్పు నిలబడడానికి పెట్టుకునే నల్లటి రెండు కాళ్ళ పిన్ను. ఒక కాలు విరిగింది.

"నాది కాదు. నేనెప్పుడూ మూత తెరవలేదు."

"ఎవరో బాగా తెలిసినవాళ్ళే. అక్కడికి నా చెయ్యే పోదు, సన్నటి చెయ్యి కావాలి. తుప్పు చూస్తే పదిహేనేళ్ళ నాటిది. నిన్న ఆగిపోవడం కాదు మేడం, ఇన్నాళ్ళు నడవడమే విడ్డూరం."

లాగి ఆమె అరచేతిలో పెట్టాడు. మెలికలో ఒక వెంట్రుక చిక్కుకుని ఉంది. సగం నలుపు, సగం తెలుపు. ఇంజను ఆగి రాత్రంతా గడిచింది, పిన్ను ఇంకా వెచ్చగా ఉంది.

కారు తలుపు తీయడం కూడా రాదు మా ఆవిడకి, అని మామగారు వచ్చినవాళ్ళందరినీ నవ్వించేవాడు. ఆవిడ కాఫీ కప్పులు పట్టుకుని తానూ నవ్వేది.

"ఇంజనుకేం కాలేదు మేడం, దాన్ని పట్టుకున్నవే పోయాయి. బాగుచేయమంటారా, వదిలేస్తారా?"

"రేపు చెబుతాను."

ఆమె నీళ్ళ నాణ్యత పరీక్షించే ప్రయోగశాలలో పదహారేళ్ళుగా పనిచేస్తోంది. అక్కడా ఫ్రిజ్ తలుపు ఆమె మోకాలితో తంతేనే పడుతుంది, ప్రింటర్ పసిబిడ్డ వీపు మీద తట్టినట్టు ఆమె తడితేనే కదులుతుంది. "మీ మాటే వింటుందండీ" అని పై అధికారి మీటింగ్ మధ్యలో ఆమెను కాగితాలకు పంపిస్తాడు. ఊరికి ఆ చివర కొత్తగా పెట్టిన శాఖకు అధిపతిగా వెళ్ళమని రెండుసార్లు అడిగితే రెండుసార్లూ వద్దంది. మూడో ఉత్తరానికి సోమవారంలోగా జవాబు ఇవ్వాలి. ఇక నాలుగోది రాదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర భర్త తేల్చేశాడు. "బాగుచేయించు. నాన్నకి దాని మీద ప్రాణం."

"దాన్ని అమ్మితే నా ఎముకలు అమ్మినట్టే" అన్నాడు మామగారు.

"ఆ ఉత్తరానికి వద్దని రాసెయ్. నువ్వంత దూరం పోతే బండిని ఎవరు తోలతారు? బండిదాకా ఎందుకు, ఈ ఇంట్లో ఒక్క వస్తువూ పనిచేయదు. అన్నిటికీ నీ చెయ్యే అలవాటు."

భర్త ప్రేమగానే అన్నాడు. పొగిడాననుకున్నాడు పాపం.

ఒక్క వస్తువూ పనిచేయదు. ఆ మాట ఆమె చెవిలో జోరీగలా తిరిగింది. గిన్నెలు కడుగుతూ స్టవ్ మీటను పట్టి లాగింది. వెనకాల జడపిన్ను. స్నానాల గది గడియలో జడపిన్ను. గోడ గడియారం తిప్పి చూస్తే బ్యాటరీని అదిమి పట్టుకుని జడపిన్ను. మొత్తం పద్నాలుగు. ఏడు తుప్పు పట్టినవి, అవి ఎవరివో తెలుస్తూనే ఉంది. మిగిలిన ఏడూ నిగనిగలాడుతున్నాయి. ఆమె పెట్టుకునే రకమే. ఎప్పుడు గుచ్చిందో ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. నెలకో అట్ట కొన్నా పిన్నులన్నీ ఎటు పోతున్నాయా అని ఇన్నేళ్ళు మంచాల కింద వెతికింది. ఇదిగో, ఇటు పోతున్నాయి. ఆమె తలలోంచి ఇంటిలోకి.

ఆదివారం పొద్దున్నే పదకొండేళ్ళ కూతురు సైకిల్ తోసుకుంటూ గేటు దగ్గర ఆగింది. గేటు గొళ్ళెం పడడం లేదు. పిల్ల జడలోంచి పిన్ను తీసి, పళ్ళతో విప్పి, వంగబోయింది.

"ట్చ్."

ఆ పిల్ల పుట్టింది నానమ్మ పోయిన ఏడాదికి.

"ఎక్కడ నేర్చుకున్నావే అది?"

"ఏది?"

"ఆ చప్పుడు."

"ఏ చప్పుడమ్మా?"

ఆమె వెళ్ళి పిల్ల చేతిలోంచి పిన్ను తీసుకుంది. తిరిగి జడలోనే పెట్టింది. "ఇది తలకి" అంది. "గేటు మీ నాన్నది. ఆయన్ని పిలువు."

ఆ తర్వాత ఇంట్లోకి వెళ్ళి పిన్నులన్నీ వరసగా లాగేసింది. గడియారం ఆగింది. స్టవ్ మీట ఊడి నేల మీద దొర్లింది. స్నానాల గది తలుపు తనంతట తానే తెరుచుకుని అలాగే ఉండిపోయింది. చివరికి పేపర్ చదువుకుంటున్న మామగారి ముందు చెయ్యి చాపింది.

"కళ్ళద్దాలు ఒకసారి ఇవ్వండి."

ఇచ్చాడు. ఆమె కీలులోని పిన్ను లాగింది. అద్దాల కాలు ఊడి ఆయన ఒళ్ళో పడింది.

"ఇదేంటమ్మా, విరగ్గొట్టావ్?"

"విరిగి పదమూడేళ్ళయింది మామగారూ. మీకు ఇవాళ తెలిసింది."

భర్త గేటు దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చాడు. "నీకేమైనా దయ్యం పట్టిందా?"

"నాకు కాదు, ఈ ఇంటికి పట్టింది. ఇన్నేళ్ళూ మీకు అన్నం పెట్టింది ఆ దయ్యమే." పద్నాలుగు పిన్నులూ, కారులోని పదిహేనోదీ బల్ల మీద పోసింది. "కారును పాత ఇనుము కింద కొనే మనిషి మెకానిక్ దగ్గర్నుంచి బండిని ఇటే లాక్కొస్తున్నాడు. సంతకం మామగారిది కావాలి, తాళం మీరివ్వండి. రేపు ఆ ఉత్తరానికి సరేనని జవాబిస్తున్నాను, ఇక నేను బస్సులో ఆ చివరి శాఖకు వెళ్తాను."

కొక్కానికి వేలాడుతూ బండి వచ్చింది. బ్యాటరీ ముందే తీసేశారు. తాళం భర్త చేతిలో ఉంది. అయినా ముక్కు కాస్త పైకి లేచి ఆగినప్పుడు లోపల్నుంచి "ట్చ్" మని వినిపించింది. మగవాళ్ళిద్దరూ వినలేదు. తల్లీకూతుళ్ళు విన్నారు. వెనక తలుపు మెల్లగా తెరుచుకుంది. ఎవరో దిగితే లేచినట్టు బండి ఆ వైపు రెండు వేళ్ళ ఎత్తు పైకి లేచింది. పిల్ల తల్లి చెయ్యి పట్టుకుంది. ఆమె గేటు దగ్గర పక్కకు జరిగి, దిగిన మనిషికి దారి ఇచ్చింది.

ఇక మీ సంగతి. చదివింది చాలు, లేవండి. మీ ఇంట్లో ఎన్నడూ పాడవని వస్తువు ఒకటి ఉంటుంది. దాని దగ్గరికి పోండి. వెనకాల చెయ్యి పెట్టండి. పిన్ను దొరుకుతుంది, వెచ్చగా ఉంటుంది. భయపడకుండా లాగండి. ఎవరి తలలోదో వాళ్ళకిచ్చేయండి. ఆగిపోయేదేదో ఆగిపోనివ్వండి. ఆమెను పిలవకండి. ఈసారి మీరే వంగండి.