తొమ్మిది వేల రెండు వందల పన్నెండో చెప్పు

సత్యవేణి సంచి సర్దుతోంది. ర్యాంకుల లైను ఈ ఏడు వాళ్ల పెరట్లోంచి పోతోంది. గేదెల పాకకీ బట్టలుతికే బండకీ మధ్య డెబ్భై ఒకటో వేలు నడుస్తోంది. అక్కడ నిలబడ్డ పిల్లలకి పొద్దున్నే మజ్జిగ పోసి వచ్చిందామె.

కూతురు హిమబిందు ర్యాంకు అక్కడ కాదు. పద్దెనిమిది వేల నాలుగు వందల ఆరు. పెరట్లోంచి లైను పట్టుకుని ముందుకి నడిస్తే రెండున్నర గంటలు. పదకొండింటికల్లా ఆ అంకె మీద నిలబడకపోతే అది వెనకాలవాళ్లదైపోతుంది.

పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, కులం కాగితం, ఆదాయం కాగితం, ఒక్కోదానికి మూడేసి జిరాక్సులు. ఎనిమిది ఫొటోలు. గమ్ సీసా, స్టాప్లరు, రెండు నీలం పెన్నులు. పులిహోర పొట్లం. సంచి అడుగున, అన్నిటికన్నా ముందు, నీలం పట్టీల హవాయి చెప్పు ఒకటి పెట్టింది. ఎడమ కాలిది. ఇరవై ఆరేళ్లుగా అటక మీద ఉంది.

"అమ్మా, ఆ ఒంటి చెప్పెందుకే?" అంటుంది బిందు.

"ఉండనీ. అదేమైనా నిన్ను మొయ్యమన్నానా?"

భర్త సూర్రావు పాలకేంద్రానికి వెళ్తూ గుమ్మంలో ఆగుతాడు. "అన్నీ పెట్టావా? మళ్లీ అదీ ఇదీ అని నన్ను పరిగెత్తించకు. నా మోకాళ్లు పద్దెనిమిదో వేలు దాకా రావు."

"పెట్టానండీ. అన్నం వార్చి ఉంచాను. పప్పు వెచ్చబెట్టుకోండి."

"మధ్యాహ్నానికి వచ్చెయ్యరూ?"

"వచ్చేస్తాం," అంటుంది సత్యవేణి. సంచి జిప్పు మూడుసార్లు తెరిచి మూడుసార్లు మూస్తుంది.

బిందుకి పశువైద్యం చదవాలని. నిరుడు వాళ్ల గేదె ఈనలేక పడిపోతే, డాక్టరు వచ్చేలోపు ఈ పిల్లే చెయ్యి భుజం దాకా లోపలికి పెట్టి, మడతపడ్డ దూడ కాలు సరిచేసింది. ఆ చెయ్యి అప్పట్నుంచీ వెచ్చగానే ఉంది. చలికాలం ఇంటిల్లిపాదీ ఆ చేతి చుట్టూ కూర్చుంటారు. ఆ చేతికి వేరే చదువు సరిపోదని సత్యవేణికి తెలుసు.

లైను వీధిలోంచి, కాలవ మీది చప్టా మీదుగా, రెండు పెళ్లి మండపాల్లోంచి, ఎవరిదో వంటింట్లోంచి పోతోంది. ఆ వంటింటావిడ పిల్లల కాళ్ల మధ్య నుంచే పప్పు కడుగుతోంది. లైను పక్కన తల్లిదండ్రులు నోటుపుస్తకాల్లో కాలేజీల పేర్లు వరసగా రాసుకుంటున్నారు. రాసి, కొట్టేసి, పైది కిందకీ కిందది పైకీ మారుస్తున్నారు. కొట్టేసిన పేర్లు కాగితం మీంచి లేచి చీమల్లా పక్కవాళ్ల పుస్తకాల్లోకి పోతున్నాయి.

నలభయ్యో వేలు దగ్గర ఒకావిడ పలకరిస్తుంది. "మీ అమ్మాయెంతండీ?"

"పద్దెనిమిది వేల నాలుగు వందల ఆరు."

"బాగానే వచ్చింది. ఏం చదివిస్తారు?"

"పశువైద్యం."

"అయ్యో రాత! ఆడపిల్లని గేదెల వెనకాల తిప్పుతారా?"

"గేదెలు ఇన్ని ప్రశ్నలు వెయ్యవులెండి," అంటుంది సత్యవేణి. ఆగదు.

ముందుకి పోయేకొద్దీ పిల్లలు పల్చబడుతున్నారు. ముప్ఫయ్యో వేలు దగ్గర నిలబడే చదువుతున్నారు. ఇరవయ్యో వేలు దగ్గర రెప్పలు వెయ్యడం లేదు. పద్దెనిమిది వేల నాలుగు వందల ఐదుకీ ఏడుకీ మధ్య సుద్దముక్కతో రాసిన అంకె ఒకటి కనబడుతుంది. దాని పైన సరిగ్గా బిందు ఆకారంలో ఖాళీ ఉంది, జడతో సహా. బిందు అందులో నిలబడుతుంది. అతికినట్టు సరిపోతుంది.

టైము పది. సత్యవేణి ఊపిరి పీల్చుకునేలోపే స్తంభానికి కట్టిన మైకు గొంతు సవరించుకుంటుంది.

"పశువైద్యం తలుపు ఈ ఏడు పదివేల దగ్గర మూస్తాం. ఒంటిగంటన్నరకి మూస్తాం. పదివేలు దాటినవాళ్లు వేరే తలుపు చూసుకోవలెను."

బిందు కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని నేల కేసి చూస్తుంది. ఆ చెయ్యి చల్లబడుతోంది. పక్కనున్న సత్యవేణికి ఆ సంగతి తెలుస్తూనే ఉంది, పొయ్యి ఆరిపోతున్నప్పుడు తెలిసినట్టు.

"నువ్విక్కడే ఉండు," అంటుంది తల్లి. "కాలు కదిపావో చూడు."

"ఎక్కడికే?"

"ముందుకి."

"ముందుకెళ్లి ఏం చేస్తావు? అక్కడ మనకెవరున్నారు?"

సత్యవేణి సంచి అడుగు నుంచి ఆ చెప్పు తీస్తుంది. ఇంతవరకూ కూతురికి చెప్పని సంగతి ఇప్పుడు చెబుతుంది. చెప్పడానికి ఎంతోసేపు పట్టదు.

ఆమెకి పద్దెనిమిదేళ్లప్పుడు ఆమె కూడా ఈ లైనులో నిలబడింది. ర్యాంకు తొమ్మిది వేల రెండు వందల పన్నెండు. వంతు రాబోతుండగా వెనక నుంచి కబురొచ్చింది. ఒకరు ఒకరికి చెప్పి, వాళ్లు ముందువాళ్లకి చెప్పి, ఊళ్లోంచి ఆమె చెవి దాకా వచ్చింది: మీ నాన్న అన్నానికి రమ్మంటున్నాడు, కూర చల్లారిపోతోందట. తిని వచ్చేద్దాం అనుకుంది. కుడి కాలి చెప్పు అంకె మీద పెట్టి, ఎడమ చెప్పుతో కుంటుకుంటూ ఇంటికి వెళ్లింది. వంకాయ కూర. మారడిగి వేయించుకుని తింది. చెయ్యి కడుక్కుని తలెత్తేసరికి నలభై నాలుగేళ్లు వచ్చాయి. పెళ్లయింది, బిందు పుట్టింది, నాన్న పీట ఖాళీగా ఉంది.

"మరి ఆ చెప్పు?" అంటుంది బిందు.

"అదే చూసొస్తాను."

తొమ్మిది వేల దగ్గర లైను ఎండకి కాగిన రోడ్డులా మెత్తగా ఉంది. ఒక్కో ఏటి లైను ఒక్కో వరసగా పక్కపక్కనే పోతున్నాయి. అన్నీ ముందుకి కదిలి వెళ్లిపోయాయి, ఒక్కటి తప్ప. ఆ వరసలో మిగిలినవి రెండే: నేల మీద నీలం పట్టీల కుడి చెప్పు, దాని వెనకాల నెరిసిన జుట్టు మనిషి. అతని పేరు అబ్బులు. అప్పట్లో ఆమె వెనక నిలబడ్డ కుర్రాడు.

"వచ్చారాండి?" అంటాడు. "ఇప్పుడే అనుకుంటున్నాను."

"మీరింకా ఇక్కడే ఉన్నారా?"

"మీ చెప్పు కదల్లేదు కదండి. చెప్పుని దాటిపోతే బాగోదు."

"పక్కకి జరపొచ్చుగా!"

"ఎవరి చెప్పు వాళ్లే తీయాలండి. మా అమ్మ అలా పెంచింది." అతను చొక్కా అంచుతో చెప్పు మీద దుమ్ము తుడుస్తాడు. రోజూ తుడుస్తున్నట్టే ఉంది. చెప్పు కొత్తదిలా ఉంది. "వాన పడ్డప్పుడల్లా గొడుగు పట్టానండి. కుక్క ఒకటి రెండుసార్లొచ్చింది. ఊరుకోలేదు."

"మీరేం చదువుదామనుకున్నారు?"

"మర్చిపోయానండి. లోపలడిగితే చెప్తారట."

వరస పక్కన బల్ల వేసుకుని ఒక గుమాస్తా కూర్చుంది. ముందు స్టాంపు ప్యాడు, పక్కన మంచినీళ్ల చెంబు. సత్యవేణి సంగతి చెబుతుంది. తన అంకె కూతురికి ఇవ్వాలి.

"ఇవ్వొచ్చు," అంటుంది గుమాస్తా. "మీదేనని రుజువు?"

సత్యవేణి ఎడమ చెప్పు బల్ల మీద పెడుతుంది. గుమాస్తా రెండూ పక్కపక్కన పెట్టి చూస్తుంది. తిరగేసి అరుగుదల చూస్తుంది. కుడిది ఇరవై ఆరేళ్లు ఎండలో ఉంది, ఎడమది చీకట్లో ఉంది. పట్టీలు మాత్రం ఒకే నీలం.

"జత సరిపోయింది. జిరాక్సు తెచ్చారా?"

"చెప్పుకా?"

"సరేలెండి. చాలామంది అసలు జతే తేరు." ఆమె రెండు చెప్పుల మీదా స్టాంపు వేస్తుంది. "పిల్లని పంపండి. కానీ పిల్ల నిలబడ్డ చోటు ఖాళీగా వదలకూడదు. ఒక్క అంకె ఖాళీ అయితే వెనకాల డెబ్భై వేల మంది కాగితాలూ మళ్లీ రాయాలి. నా చేత కాదు."

"ఈ చెప్పులు అక్కడ పెడతాను."

"చెప్పులు ఇప్పుడు చెల్లవమ్మా. మీ అంకె పాతది కాబట్టి ఒప్పుకున్నాను. మనిషే ఉండాలి. రక్తసంబంధం ఉన్న మనిషి."

"ఎంతసేపు?"

గుమాస్తా తలెత్తి ఆమె కేసి మొదటిసారి సరిగ్గా చూస్తుంది. "లైను కదిలేదాకా."

సత్యవేణి తన అంకె వెనకాలున్న అబ్బులు కేసి చూస్తుంది. లైను కదలడమంటే ఏమిటో అతని జుట్టు చెబుతోంది. ఆమె చెప్పులు రెండూ చంకలో పెట్టుకుంటుంది.

"రాయండి," అంటుంది. "తల్లి అని రాయండి."

వెనక్కి వచ్చేటప్పుడు దారి వెళ్లినప్పటికన్నా పొడవైంది. ఆమె లెక్కచెయ్యకుండా అడుగులు పెద్దవి చేస్తుంది. ఎక్కడో పదిహేనో వేలు దగ్గర కాలి చెప్పులు తెగితే అక్కడే విడిచేస్తుంది.

బిందు వింటుంది. విని తల అడ్డంగా ఊపుతుంది. "నేను వెళ్లను. వచ్చే ఏడు మళ్లీ రాస్తాను."

"రాస్తావు. మళ్లీ పద్దెనిమిది వేలే వస్తుంది. మళ్లీ ఇదే మైకు."

"ఏదో డిగ్రీలో చేరతానే అమ్మా. ఇంట్లోనే ఉండొచ్చు."

"చెయ్యి ఇలా పట్టు." సత్యవేణి కూతురి కుడి చెయ్యి తన చెంపకి ఆనించుకుంటుంది. "ఇది ఇంట్లో ఉంటే మేం చలి కాచుకుంటాం. అంతే."

"మరి నువ్వు? ఎన్నాళ్లని నిలబడతావు? నీకు నడుంనొప్పి."

"నిలబడితే నడుం నొప్పి ఉండదు. వంగితేనే."

"అబద్ధం."

"అబద్ధమే. కాగితాలు తడపకు, కన్నీళ్లు పక్కకి తుడుచుకో. ఫొటోలు ఎనిమిదీ ఒకేసారి ఇచ్చెయ్యకు, నాలుగిచ్చి ఊరుకో. పులిహోర అబ్బులుగారికి కూడా పెట్టు, ఎప్పుడు తిన్నాడో ఏమో."

బిందు అంకె మీంచి ఎడమ కాలు తీస్తుంది. సత్యవేణి అక్కడ తన ఎడమ కాలు పెడుతుంది. బిందు కుడి కాలు తీస్తుంది. సత్యవేణి కుడి కాలు పెడుతుంది. కూతురి ఆకారంలో ఉన్న ఆ ఖాళీలో తల్లి పట్టదు. భుజాలు కొంచెం ముడుచుకుని, ఊపిరి బిగబట్టి పట్టేలా చేసుకుంటుంది.

బిందు సంచి భుజాన వేసుకుని, రెండు చెప్పులూ చేత్తో పట్టుకుని ముందుకి నడుస్తుంది. మూడుసార్లు వెనక్కి తిరుగుతుంది. నాలుగోసారి తిరిగేసరికి చాలా దూరంలో ఉంది. తిరిగిందో లేదో తెలియదు. సత్యవేణి తిరిగిందనే అనుకుంటుంది.

ఒంటిగంటకి వెనక నుంచి కబురొస్తుంది. పెరట్లోంచి, వంటింట్లోంచి, పెళ్లి మండపాల్లోంచి, యాభై రెండు వేల నోళ్ల మీదుగా వచ్చి, ఆమె వెనక నిలబడ్డ కళ్లజోడు పిల్ల నోట్లో అచ్చం సూర్రావు గొంతుతో పలుకుతుంది:

"సత్యా, అన్నానికి రా. పప్పు చల్లారిపోతోంది."

సత్యవేణికి ఆకలిగానే ఉంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో కాళ్లు కాలుతున్నాయి. పప్పులో మామిడికాయ వేసిన సంగతి గుర్తొస్తుంది.

"రానని చెప్పమ్మా," అంటుంది ఆ పిల్లతో. "తినెయ్యమన్నానని చెప్పు. నాకోసం ఉంచొద్దని కూడా చెప్పు. ఇదివరకోసారి వెళ్లి తిన్నాను. ఆ అన్నం చాలు."

పిల్ల వెనక్కి తిరిగి చెబుతుంది. ఆ మాట సత్యవేణి గొంతుతోనే లైను పొడుగునా ఇంటికి పోతుంది.

ఒంటిగంట పాతిక్కి ముందు నుంచి ఇంకో కబురొస్తుంది. "పాత వరస కదిలిందట." ఒక్క క్షణం ఆగి, "వెచ్చటి చెయ్యి పిల్ల లోపలికెళ్లిందట. వెనకాల నెరిసిన జుట్టాయన కూడా."

ఒంటిగంటన్నరకి తలుపు మూసిన చప్పుడు అందరికీ వినబడుతుంది. దూరంగా ఎవరో ఇనప్పెట్టె మూత వేసినట్టు ఉంటుంది. లైనులో కొందరు కూర్చుంటారు. సత్యవేణి కూర్చోదు.

ఆ తర్వాత కాసేపటికి ముందు నుంచి ఒక దూడ వస్తుంది. అప్పుడే పుట్టింది, ఒళ్లింకా తడిగా ఉంది. కాళ్లు ఒకదానికొకటి తగులుకుంటున్నా ఒక్క అంకె కూడా చెరపకుండా లైను వెంట జాగ్రత్తగా నడుస్తోంది. దిష్టి తగలకుండా మెడలో నీలం పట్టీల చెప్పుల జత కట్టి ఉంది. రెండింటి మీదా స్టాంపు. పద్దెనిమిది వేల నాలుగు వందల ఆరు దగ్గర అది ఆగి, సత్యవేణి ఉత్త పాదాలు రెండూ నాకుతుంది. నాలుక వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం ఏ చేతిదో ఆమెకి తెలుసు. కాలు కదపకుండా, వంగి, దాని చెవుల మధ్య నిమురుతుంది.

"నేరుగా పో," అంటుంది. "కాలవ దాటాక ఎడమకి. గేదెల పాక కనబడుతుంది."

దూడ చీకటి పడకముందే ఇల్లు చేరింది. సూర్రావు దాన్ని పాకలో కట్టేసి, మెడలో చెప్పులు విప్పి, గుమ్మం పక్కన కాళ్లు విడిచిన చోట జతగా పెట్టాడు. సత్యవేణి తిరిగి రాలేదు. వెళ్లింది జూలై ఇరవై మూడు, బుధవారం, పొద్దున్న ఏడున్నరకి.