గోడకంటే ముందు మిషన్

ఆసుపత్రి కట్టడానికి ఇంజనీరు ఆమే. గోడలు లేపే మేస్త్రి ఆమెకు స్వయానా అక్క మొగుడు. ఆమె జ్వరంతో మంచాన పడ్డప్పుడు, మరదలికి సాయం చేద్దామని ఆయన స్కానింగ్ గది వెనక గోడ చకచకా లేపేశాడు.

తిరిగొచ్చి ఆ గోడ చూడగానే ఆమె ఉన్నచోటే ఆగిపోయింది.

“చూశావా, నువ్వు లేకపోయినా పని ఆగలేదు!” అన్నాడు బావ మీసం దువ్వుకుంటూ.

“బావా, స్కానింగ్ మిషన్ ఎటునుంచి లోపలికొస్తుంది?”

ఆయన గోడకేసి చూశాడు. పక్కనున్న చిన్న తలుపుకేసి చూశాడు. ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

“మిషన్ దిగాకే గోడ అని చెప్పావు కదూ... ఊరికే కూర్చోలేకపోయానే అమ్మాయ్.”

“కూల్చాలి.”

“ప్రారంభోత్సవం నెత్తిమీదుంది! పోనీ, కూలీల్ని ఎక్కువ పెట్టనా?”

“ఎంతమందిని పెట్టినా గోడ తొందరగా లేస్తుంది గానీ తొందరగా ఆరదు కదా బావా.”

ఆమె సుద్దముక్క తీసి ఆ గోడమీదే రాసుకుంది. కూల్చడం, మిషన్, కరెంటు తీగలు, గోడ, రంగు. ఎటు తిప్పినా వరస మారలేదు, తేదీ దాటిపోతోంది. ఏది దేనికోసం ఆగాలో చూస్తూ చూస్తూ ఆమె చప్పున తలెత్తింది. డాక్టరు గదులకూ, మందుల షాపుకూ ఈ గోడతో పనే లేదు!

ఆసుపత్రి కట్టిస్తున్న డాక్టరమ్మ ఆ మాట వింటూనే మండిపడింది. “సగం ఆసుపత్రికి రిబ్బను కత్తిరించమంటావా?”

“రోగుల్ని చూసే గదులన్నీ అన్న రోజుకే ఇస్తానండీ. స్కానింగ్ తర్వాత మొదలవుతుంది. అన్నీ ఒక్కసారే కావాలంటే అన్నీ ఆగిపోతాయి.”

“ఇంతకీ తప్పెవరిది?”

“పని నాదండీ, బాధ్యతా నాదే.”

వెనకనుంచి బావ గొంతు సవరించుకున్నాడు. “గోడ కట్టింది నేనమ్మా. కూల్చేదీ, మళ్లీ కట్టేదీ నేనే.”

డాక్టరమ్మ ఇద్దర్నీ ఎగాదిగా చూసి, సరే కానివ్వమంది.

అన్న రోజుకే ఆసుపత్రి తెరిచారు. ముందు గదులు జనంతో కిటకిటలాడుతుంటే, వెనక గోడ లేనివైపునుంచి మిషన్ వచ్చింది. బావ అరుస్తూ, బతిమాలుతూ, పసిబిడ్డను ఎత్తుకున్నంత జాగ్రత్తగా దాన్ని లోపల దింపించాడు. నుదుటి చెమట తుడుచుకుని వెంటనే తాపీ అందుకున్నాడు.

“ఇక కట్టనా?”

“ఆగు బావా, ముందు కరెంటు తీగలు.”

ఆయన నాలుక్కరుచుకుని, పకపకా నవ్వి, కరెంటు పనివాడికి దారిచ్చి పక్కన ఇటుకల మీద కూర్చున్నాడు.