డెబోరా పాము పిల్లపాము కాదు

"ఒకే రకం పాములు రెండెందుకమ్మా? రేపు రిహార్సల్లో ఒకదాన్ని తీసేస్తా" అని చంద్రమతి టీచరు అన్నప్పటి నుంచి డెబోరా అన్నం ముట్టలేదు.

బడి వార్షికోత్సవంలో అక్క రూతుది రాటిల్ స్నేక్ వేషం, తోకతో గలగలమనే అమెరికా పాము. అక్కది తొమ్మిదో తరగతి. మూడో తరగతి డెబోరాదీ అదే వేషం. తీసేస్తే ఎవరిని తీసేస్తారో ఇంట్లో పిల్లికి కూడా తెలుసు.

తప్పు తల్లి సువార్తమ్మదే. పెద్దదాని గౌన్లు చిన్నదానికి కుదించి కుట్టే అలవాటు కొద్దీ పామును కూడా కుదించేసింది.

"అమ్మా, నాది అక్క పాముకు పిల్ల గాదే! వేరే జాతి, పొట్టి రాటిల్ స్నేక్. ఎంత పెరిగినా గింతే ఉంటది. అక్కదానికి నెత్తి మీద అన్నీ సన్న పొలుసులు. నాదానికి తొమ్మిది పెద్ద బిళ్ళలు. చప్పుడు సుత పురుగు లెక్క!"

సువార్తమ్మ కుట్లన్నీ విప్పింది. గనిలో పనిచేసే భర్త గిడియోన్ పాత బూటు కోసి, తొమ్మిది రబ్బరు బిళ్ళలు చేసి ఆయన పాత హెల్మెట్ మీద అతికించింది. హోమియో మందు సీసాలో నాలుగు ఆవాలు పోసి తోకకు కట్టింది.

గిడియోన్ చెవి ఆనించి విన్నాడు. "ఏందే, చప్పుడే లేదు! షిఫ్టు సైరన్ లెక్క మోగాలె గాని."

"నువ్వు ఊకో డాడీ!"

మర్నాడు రిహార్సల్లో రూతు తోక ఊపగానే దానికి కట్టిన డబ్బాలో కంకర గలగలమంది. హాలంతా చప్పట్లు. తర్వాత డెబోరా ఊపింది. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"మోత ఏదమ్మా? వినబడదే!" టీచరు పేరు కొట్టేయడానికి పెన్ను తీసింది.

గోడ పక్కన నిలబడ్డ సువార్తమ్మ "ఆగండి మేడమ్" అనబోయింది. డెబోరా మాత్రం కళ్ళ మీదికి జారిన హెల్మెట్‌తోనే పాకుతూ వెళ్ళి టీచరు బల్ల కింద దూరింది. చీర కుచ్చిళ్ళ పక్కన, మడమ దగ్గర, తోకకున్న ఆవాల సీసా జుయ్యిమంది.

"అమ్మో! ఏదో పురుగు!"

ఒక్క గెంతున టీచరు కుర్చీ మీదుంది. చెప్పు ఒకటి స్టేజీ మీద పడింది. పిల్లలంతా ఘొల్లుమన్నారు.

"పురుగు గాదు మేడమ్, రాటిల్ స్నేకే! పొట్టిది! దగ్గరికొస్తెనే వినవడ్తది!" అని బల్ల కింది నుంచి జవాబొచ్చింది.

టీచరుకూ నవ్వాగలేదు. "రెండు పాములూ ఉంటాయి తల్లీ! కాస్త అవతలికి జరుగు, నేను దిగాలి."

సువార్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. రూతు పొట్ట పట్టుకుని కూలబడితే కంకర మళ్ళీ గలగలమంది. ఆ గోలలో ఏమీ వినబడక, ముక్కుదాకా దిగిన హెల్మెట్‌తో ఏమీ కనబడక, డెబోరా పాకుతూ పోయి గోడకు గుద్దుకుని అడిగింది.

"అమ్మా, నేనున్ననా? తీసేసిండ్రా?"